వీణకు పేరు ఎందుకు?

బాలలారా! మీ ఇంట్లో ఆవు ఉంటే దానికి గంగ అనో గౌరి అనో పేరు ఉంటుంది. కుక్కపిల్ల ఉంటే దానికీ ఒక పేరు ఉంటుంది. అవి ప్రాణమున్న జీవాలు. పిలిస్తే తోక ఆడించుకొంటూ వస్తాయి. మరి పిలిచినా పలకని వస్తువుకు పేరెందుకు? సంగీత విద్వాంసులు కొందరు తమ ఫిడేలుకో, గిటారుకో, వీణకో మనిషికి పెట్టినట్టే పేరు పెట్టుకొంటారు. ఇది వట్టి ముచ్చటేనా, లేక ఇందులో ఏమైనా యుక్తి ఉన్నదా?

బడిలో ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాణ్ణి నేను. అయినా ఈ పాఠం మాత్రం నాకు పదకొండేళ్ళ మనుమరాలి వల్ల తెలిసింది. ముందు ఆ సంగతి చెబుతాను. తప్పు ఎవరిదో మీరే తేల్చండి.

మాది విజయనగరం వైపు ఒక పల్లె. మా అమ్మకు పెళ్ళి చేసి పంపేటప్పుడు మా తాత ఆమెతో బాటు ఒక బొబ్బిలి వీణను పంపించాడు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఈ వీణలు చేసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పనస మొద్దును తొలిచి, కుండా దండీ అతుకు లేకుండా ఒకే చెక్కలో వచ్చేట్టు వాళ్ళు వీణ చెయ్యగలరు. దాన్ని ఏకాండి వీణ అంటారు. మా అమ్మ వీణ అలాంటిదే.

మా అమ్మ తన తల్లిదండ్రులకు ఒక్కతే కూతురు. తోబుట్టువులు లేరు. అందుచేత ఆమె ఆ వీణను "చెల్లి" అని పిలిచేది. "చెల్లి మీద దుమ్ము పడింది, గుడ్డ తీసుకురా," అనేది. "చెల్లికి ఎండ తగులుతున్నది, కిటికీ మూయండిరా," అనేది. ఎడ్లబండిలో ఊరికి వెళితే వీణను పాత పట్టుచీరలో చుట్టి, తన ఒళ్ళో పెట్టుకొనేది గాని ఎన్నడూ సామాన్ల మధ్య వెయ్యనిచ్చేది కాదు. అమ్మకు చెల్లెలు గనక మాకు ఆ వీణ పిన్ని అయింది. "పిన్నిని లేపకండిరా!" అని మేము పిల్లలం ఒకళ్ళనొకళ్ళు గదమాయించుకొనేవాళ్ళం. మా ఇంటికి వచ్చిన చుట్టాలు నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వేది. కాని కిటికీ మూయించటం మాత్రం మానేది కాదు.

అమ్మ పోయిన తరవాత వీణ చాలా కాలం మూలపడి ఉన్నది. మా అబ్బాయి హైదరాబాదులో హైటెక్ సిటీలో ఇంజనీరు. కొండాపూరులో అపార్టుమెంటు. అతని కూతురు సంగీతం నేర్చుకొంటాననేసరికి నాకు పట్టరాని సంతోషం కలిగింది. వీణకు కొత్త తంత్రులు వేయించి, రైలులో నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఎలా కూర్చోవాలో, ఎలా శ్రుతి చెయ్యాలో అన్నీ చెప్పాను. ఒక్కటి మాత్రం చెప్పలేదు. "దీని పేరు చెల్లి" అని చెప్పలేదు. ఇంత పెద్ద నగరంలో, ఇంత పెద్ద అద్దాల మేడల మధ్య ఆ పల్లెటూరి మాట చెబితే నవ్వుతారేమోనని నాకే సిగ్గు వేసింది.

ఏడాది గడిచింది. ఏప్రిల్ నెల. ఒక శనివారం పాఠం అయిపోయాక తండ్రీ కూతుళ్ళు కారులో ఇంటికి వస్తూ దారిలో ఆఫీసు దగ్గర ఆగారు. పావుగంట పని అనుకొన్నది మూడు గంటలు పట్టింది. పిల్ల లోపల చల్లని గదిలో కూర్చున్నది. వీణ బయట ఎండలో, తలుపులు మూసిన కారులో ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చి ఒర తీస్తే ఏమున్నది? వీణ మెట్లు సగం ఒక పక్కకు ఒరిగాయి. రెండు మెట్లు ఒకదాన్నొకటి ఆనుకొన్నాయి. నల్లని మైనం కారి దండి మీద చారలు కట్టింది. పిల్ల ఏడుపు ఫోనులో నాకు వినిపించింది. మరుసటి ఆదివారం వాళ్ళ పంతులమ్మగారి శిష్యుల కచేరీ ఉన్నది. ఆ కచేరీలో మొట్టమొదటి సారిగా మా పిల్ల ఒంటరిగా వాయించవలసి ఉన్నది.

ఇలా ఎందుకు జరిగిందో తెలుసా? వీణకు ఇరవైనాలుగు మెట్లు ఉంటాయి. వాటిని మేకులతో బిగించరు. తేనెమైనంలో నల్లపొడి కలిపి దండి మీద గట్టులాగ పోసి, ఆ గట్టు మీద కంచు మెట్లను చెవితో వింటూ ఒక్కొక్కటే నిలబెడతారు. తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కరిగి నీరవుతుంది. అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. బయట 40 డిగ్రీల ఎండ ఉంటే, అద్దాలు మూసిన కారులో వేడి అంతకంటె ఎంతో పెరుగుతుంది. అద్దంలోంచి వెలుగు లోపలికి వచ్చి సీట్లను కాలుస్తుంది. వేడెక్కిన గాలికి బయటకు పోయే దారి ఉండదు. ఇక మైనం నిలుస్తుందా?

నేను రాత్రి రైలెక్కి హైదరాబాదు వెళ్ళాను. పిల్ల నా మొహం చూడటం లేదు. అప్పుడు నేను మా అమ్మ సంగతీ, ఎడ్లబండి సంగతీ, కిటికీ సంగతీ చెప్పాను. అంతా విని పిల్ల ఒక్క మాట అన్నది:

"తాతయ్యా, అది వీణ అని చెప్పావు. ముత్తవ్వ చెల్లెలని చెప్పలేదే! ముత్తవ్వ చెల్లెల్ని ఎవరైనా ఎండలో కారులో వదిలేస్తారా?"

నాకు నోట మాట రాలేదు. మైనం మెత్తబడుతుందన్న శాస్త్రం మా అమ్మకు తెలియదు. కాని తాను చెయ్యవలసిన జాగ్రత్త అంతా ఆమె ఆ ఒక్క పేరులో మూట కట్టి పెట్టింది. నేను వీణను ఇచ్చి మూటను నా దగ్గరే ఉంచుకొన్నాను. ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది?

ఆ రోజు నుంచి నేను వాద్యాల పేర్ల గురించి ఆలోచించటం మొదలుపెట్టాను. తెలిసినవి కొన్ని మీకు చెబుతాను.

వాద్యాలకు పేరు పెట్టటం మనకు కొత్త కాదు. నారదుడి వీణ పేరు మహతి. సరస్వతీదేవి వీణ కచ్ఛపి. తుంబురుడిది కళావతి. విశ్వావసువు అనే గంధర్వుడిది బృహతి. మహతి పేరు ఈ కాలంలో కూడా వినబడుతూనే ఉన్నది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నాలుగే స్వరాలతో కల్పించిన ఒక రాగానికి మహతి అనే పేరు పెట్టారు.

భగవద్గీత మొదటి అధ్యాయంలో యుద్ధం మొదలయ్యేముందు శంఖాలు ఊదుతారు. శంఖం కూడా ఊదే వాద్యమే గదా! అక్కడ ఒక్కొక్క శంఖానికీ పేరున్నది. కృష్ణుడిది పాంచజన్యం, అర్జునుడిది దేవదత్తం, భీముడిది పౌండ్రం, ధర్మరాజుది అనంతవిజయం, నకులుడిది సుఘోషం, సహదేవుడిది మణిపుష్పకం. చిన్నవాళ్ళయిన నకుల సహదేవుల శంఖాల పేర్లు కూడా మరచిపోకుండా చెప్పటం చూశారా? శంఖాన్నీ దాన్ని ఊదే వీరుణ్ణీ కలిపి తలచుకొన్నారన్నమాట. పేరు పెట్టటానికి మొదటి కారణం ఇదే: "వెయ్యింటిలో ఇది ఒకటి కాదు, ఇది నాది" అని గుర్తించటం.

ఇక విదేశాల సంగతి చూద్దాం.

అమెరికాలో బి. బి. కింగ్ అనే గొప్ప గిటారు విద్వాంసుడు ఉండేవాడు. ఆయన 1925లో పుట్టి 2015లో చనిపోయాడు. 1949 చలికాలంలో ఆయన అర్కన్సాస్ రాష్ట్రంలో ట్విస్ట్ అనే చిన్న ఊళ్ళో పాట కచేరీ చేస్తున్నాడు. చలికి తట్టుకోలేక ఆ పాకలో ఒక పీపాలో కిరసనాయిలు పోసి మంట పెట్టారు. ఇద్దరు మనుషులు కలియబడి ఆ పీపాను తన్నేశారు. క్షణంలో పాక అంటుకొన్నది. అందరితో బాటు కింగ్ కూడా బయటకు పరుగెత్తాడు. తీరా చూస్తే గిటారు లోపలే ఉండిపోయింది! ఆయన మళ్ళీ మంటల్లోకి దూకి దాన్ని తెచ్చుకొన్నాడు. కొద్దిలో ప్రాణం పోయేదే. ఆ మంటల్లో ఇద్దరు చనిపోయారు.

ఆ కొట్లాట లుసీల్ అనే ఒకామె విషయమై జరిగిందని మరునాడు ఆయనకు తెలిసింది. వెంటనే తన గిటారుకు లుసీల్ అని పేరు పెట్టాడు. ఎందుకు? మంటల్లోకి దూకటం వంటి తెలివితక్కువ పని ఇంకెన్నడూ చెయ్యగూడదని తనకు తాను గుర్తు చేసుకోవటానికి! చూశారా, ఇక్కడ పేరు ముద్దుకు పెట్టింది కాదు, హెచ్చరికగా పెట్టింది. మన ఇళ్ళల్లో పెద్దలు కొంగున ముడి వేసుకొన్నట్టే ఇదీ.

ఆ తరవాత ఆయన ఎన్నో గిటార్లు మార్చాడు. అన్నిటినీ లుసీల్ అనే పిలిచాడు. "గిటారు మారితే పేరు ఎలా ఉంటుంది?" అని మీకు అనుమానం రావచ్చు. మన ఇళ్ళల్లో తాత పేరు మనుమడికి పెట్టటం లేదూ? మనిషి మారినా పేరూ, ఆ పేరుతో వచ్చే మంచీ నిలబడతాయి.

యూరపులో ఫిడేళ్ళకు వేరే పద్ధతిలో పేర్లు వచ్చాయి. ఇటలీలో స్ట్రాడివేరి అనే పనివాడు మూడు వందల ఏళ్ళ క్రితం చేసిన ఫిడేళ్ళను ఈనాటికీ అపురూపంగా చూసుకొంటారు. వాటిలో చాలావాటికి ఎప్పుడో వాటిని దగ్గర ఉంచుకొన్నవారి పేరే నిలిచిపోయింది. మనకు ఇంటిపేరు వచ్చినట్టన్నమాట. 1721లో చేసిన ఒక ఫిడేలు పేరు "లేడీ బ్లంట్." లేడీ ఆన్ బ్లంట్ అనే ఆమె దగ్గర అది ముప్ఫై ఏళ్ళు ఉన్నది. ఈమె ఎవరో తెలుసా? అడా లవ్‌లేస్ కుమార్తె. అడా లవ్‌లేస్ 1843లోనే, కంప్యూటర్లు పుట్టకముందే, లెక్కలు చేసే యంత్రానికి ఏ ఆజ్ఞ తరవాత ఏ ఆజ్ఞ ఇవ్వాలో రాసి చూపింది. అందుకే ఆమెను మొట్టమొదటి ప్రోగ్రామరు అంటారు. ఈనాడు హైటెక్ సిటీలో వేలాదిమంది చేస్తున్న పనికి ఆమె ముత్తవ్వ వంటిది. ఆమె పేరు మీద "అడా" అనే కంప్యూటరు భాష కూడా ఉన్నది. తల్లి పేరు కంప్యూటరు భాషకూ, కూతురి పేరు ఫిడేలుకూ నిలిచాయి!

2011 మార్చిలో జపానులో పెద్ద భూకంపం వచ్చి, సముద్రం పొంగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. అప్పటికి లేడీ బ్లంట్ జపానులోని ఒక సంగీత సంస్థ వద్ద ఉన్నది. వారు ఆ జూన్‌లో దాన్ని వేలం వేసి, వచ్చిన సుమారు కోటీ అరవై లక్షల డాలర్లను బాధితుల కోసం ఇచ్చారు. వాద్యం ఎంత గొప్పదయినా మనిషి ప్రాణం కంటె గొప్పది కాదని వారికి తెలుసు.

పగనీని అనే జగత్ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు తన ఫిడేలును "ఫిరంగి" అన్నాడు. అది 1743లో చేసినది. దాని నాదం ఫిరంగి మోతలాగ బలంగా ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. ఆయన దాన్ని తన సొంత ఊరైన జెనోవాకు రాసి ఇచ్చాడు. ఆ నగరం వారు ఈనాటికీ దాన్ని భద్రంగా చూసుకొంటున్నారు.

మన పిల్లలకు నచ్చే కథ యో యో మా అనే విద్వాంసుడిది. ఆయన చెల్లో వాయిస్తాడు. చెల్లో అంటే నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు. ఆయన చెల్లో 1733లో వెనిస్ నగరంలో తయారయింది. ఒక పాఠం అయిన తరవాత ఒక విద్యార్థిని, "మీ చెల్లోకు పేరేమిటండీ?" అని అడిగింది. పేరు లేదని చెప్పి ఆయన, "నేను వాయిస్తాను, నువ్వే పేరు పెడతావా?" అన్నాడు. ఆ అమ్మాయి విని, పెటూనియా అని పేరు పెట్టింది. పెటూనియా ఒక పువ్వు పేరు. ఈ పెటూనియానే ఆయన 1999 అక్టోబరులో న్యూయార్కులో టాక్సీ వెనక పెట్టెలో మరచిపోయి దిగిపోయాడు! అదృష్టవశాత్తూ టాక్సీవాడు ఇచ్చిన రశీదు జేబులో ఉన్నది. దాని సాయంతో పోలీసులు ఆ రోజే చెల్లోను వెతికి తెచ్చి ఇచ్చారు. మహా విద్వాంసులకు కూడా మరపు తప్పదు. కనక మా పిల్లను ఎవరూ తిట్టనవసరం లేదు.

మన తెలుగుదేశంలో ఇంకో చమత్కారం ఉన్నది. ఇక్కడ మనిషి పేరు వాద్యానికి పోవటం కాదు, వాద్యం పేరే వచ్చి మనిషికి ఇంటిపేరుగా అంటుకొంటుంది. విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని జనం "ఫిడేలు నాయుడుగారు" అన్నారు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబుగారు "వీణ చిట్టిబాబు." పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ తొమ్మిదేళ్ళ వయస్సులో గుడివాడలో మొదటి కచేరీ చేశాడు. అంతవరకూ కర్ణాటక సంగీతంలో ఎవరూ పెద్దగా ఎరగని మాండొలిన్‌ను ఆయన ఎంత సొంతం చేసుకొన్నాడంటే, 2014లో చనిపోయే వరకూ, ఆ తరవాతా కూడా ఆయన "మాండొలిన్ శ్రీనివాస్" గానే మిగిలాడు. వీళ్ళ అసలు ఇంటిపేర్లు ఎంతమందికి తెలుసు? వాద్యానికి మనం పేరు పెట్టినా, వాద్యమే మనకు పేరు తెచ్చినా భావం ఒకటే. ఇద్దరూ ఒక కుటుంబం.

ఇప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. "మాష్టారూ, అన్ని వీణలూ ఒకేలాగ ఉంటే ఒక దానికి వేరే పేరెందుకు?" సరిగ్గా అడిగారు. అన్ని వీణలూ ఒకేలాగ ఉండవు.

మా పిల్లకు ఈ సంగతి ఆ ఆదివారమే తెలిసింది. మెట్లు నిలబెట్టే పనివాడు దొరికాడు గాని, పాత మైనం తీసి, కొత్త మైనం పోసి, ఇరవైనాలుగు మెట్లూ సరిచెయ్యటానికి అతడు గడువు అడిగాడు. తొందర పెడితే అపస్వరం వస్తుందన్నాడు. అందుచేత మా పిల్ల కచేరీలో పంతులమ్మగారి వీణ వాయించింది. అది మంచి వీణే. అయినా రెండుచోట్ల వేలు దారి తప్పింది. దిగి వచ్చి, "తాతయ్యా, మెట్లు అన్నీ ఉన్నాయి గాని, నేను అనుకొన్నచోట లేవు. గొంతు కూడా వేరు," అన్నది.

గొంతు వేరు అనటం నిజమే. తంత్రి సన్నగా ఉంటుంది. అది ఒక్కటే గాలిని ఎంత కదిలించగలదు? తంత్రి కదలిక గుర్రం మీదుగా కుండకు చేరుతుంది. కుండ చెక్క అంతా అదిరి గాలిని కదిలిస్తుంది. అప్పుడే మనకు నాదం వినిపిస్తుంది. ఒక పనస చెట్టు ఉన్నట్టు ఇంకో పనస చెట్టు ఉండదు. చెక్కలో ఈనెల వరస వేరు, బరువు వేరు, ఆరిన తీరు వేరు. పనివాడి ఉలి ఒకచోట నూలు మందం ఎక్కువ తీస్తుంది, ఒకచోట తక్కువ. కాబట్టి ఒక్కొక్క కుండ కొన్ని స్వరాలకు ఎక్కువ పలుకుతుంది, కొన్నిటికి తక్కువ. ఇద్దరు మనుషుల గొంతులు కలవనట్టే రెండు వీణల గొంతులు కలవవు.

వీణ నాదంలోని మరొక రహస్యాన్ని సర్ సి. వి. రామన్‌గారు బయటపెట్టారు. రామన్‌గారి తండ్రి విశాఖపట్నంలో కళాశాల అధ్యాపకుడు. రామన్‌గారు ఆ ఊళ్ళోనే చదివి, పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. మా పిల్ల వయస్సే! ఆయన 1920లో మృదంగం గురించీ, 1921లో వీణ, తంబురాల గురించీ శాస్త్ర వ్యాసాలు ప్రకటించారు.

ఆయన గమనించినది ఏమిటంటే: ఏ తంత్రిని మీటినా అసలు స్వరంతో బాటు, పైన సన్నగా మరికొన్ని అనుస్వరాలు కూడా పుడతాయి. పాత శాస్త్రం ప్రకారం తంత్రిని సరిగ్గా నడిమధ్య మీటితే వాటిలో కొన్ని వినిపించగూడదు. కాని వీణలోనూ తంబురాలోనూ అవి చక్కగా వినిపిస్తున్నాయి! కారణం గుర్రం. ఫిడేలు గుర్రం అంచు పదునుగా ఉంటుంది. వీణ గుర్రం పైభాగం వెడల్పుగా, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. తంత్రి కదిలినప్పుడల్లా ఆ వంపును తాకుతూ, విడుస్తూ ఉంటుంది. ఆ తాకిడి వల్ల మామూలుగా పుట్టని అనుస్వరాలు కూడా పుట్టి నాదం నిండుగా అవుతుంది. తంబురాలో ఈ పని కోసం తంత్రి కింద చిన్న దారపుపోగు పెడతారు. ఆ పోగును ఇటూ అటూ జరిపితే ఒకచోట తంబురా ఉన్నట్టుండి గుయ్యిమని పాడుతుంది. ఆ దారాన్ని మన విద్వాంసులు ఏమంటారో తెలుసా? జీవ! దారపు ముక్కకు జీవ అని పేరు పెట్టినవారు వాద్యాన్ని వట్టి చెక్క అనుకొన్నారా, చెప్పండి?

సరే, పేరు పెడితే నిజంగా ఏమైనా లాభం ఉన్నదా? దీన్ని కూడా శాస్త్రజ్ఞులు పరీక్షించారు, వాద్యాలతో కాదు, ఆవులతో. ఇంగ్లండులో న్యూకాసిల్ విశ్వవిద్యాలయం వారు 516 మంది పాడి రైతులను ప్రశ్నించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆవులను పేరు పెట్టి పిలిచే రైతుల దగ్గర ఒక్కొక్క ఆవు పాడికాలంలో సుమారు 258 లీటర్ల పాలు ఎక్కువ ఇచ్చిందట. దీన్ని చూసి, పేరు పెట్టగానే పాలు పొంగుతాయని అనుకోకండి. పేరు పెట్టే రైతు ఒక్కొక్క ఆవునూ వేరువేరుగా గమనిస్తాడు. గంగ మేత మానిందా, గౌరి కుంటుతున్నదా అని చూస్తాడు. "మందలో ముప్ఫై" అనుకొనేవాడికి అది కనిపించదు. పాలు ఎక్కువ రావటానికి అసలు కారణం ఆ శ్రద్ధ కావచ్చు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అనే సామెత మీకు తెలుసు గదా! శ్రద్ధ లేని పేరు అలాంటిదే.

యంత్రాలకు పేరు పెట్టినా మన మనస్సు మారుతుంది. 2014లో అమెరికా శాస్త్రజ్ఞులు, తనంత తానే నడిచే కారులో కూర్చున్నట్టు భ్రమ కలిగించే యంత్రంలో కొందరిని కూర్చోబెట్టి చూశారు. కారుకు ఐరిస్ అని పేరు పెట్టి, ఆడమనిషి గొంతు కూడా ఇచ్చినప్పుడు జనం దాన్ని ఎక్కువ నమ్మారు. హైటెక్ సిటీ దగ్గర అంతర్జాతీయ సమావేశ మందిరంలో 2017 నవంబరు 28న ఒక పెద్ద సభ జరిగింది. మన ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారూ, అమెరికా నుంచి వచ్చిన ఇవాంకా ట్రంప్‌గారూ అక్కడ ఉన్నారు. బెంగుళూరులో తయారైన ఒక మరమనిషి చక్రాల మీద దొర్లుకొంటూ వారి ఎదటికి వచ్చింది. దాని పేరు మిత్ర. అది యంత్రమే అయినా, పేరు మాత్రం స్నేహితుడి పేరు. ఇందులో ఒక జాగ్రత్త కూడా ఉన్నది సుమా! తీయని పేరు ఉన్నంత మాత్రాన యంత్రం చెప్పిందల్లా నమ్మగూడదు. పేరు మన శ్రద్ధను పెంచాలి గాని, తెలివిని నిద్రపుచ్చగూడదు.

మాదాపూరులో శిల్పారామం ఉన్నది. సైబర్ టవర్స్ దానికి దగ్గరే. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయిగారు ఆ మేడను ప్రారంభించారు. ఒక పక్క కొత్త యంత్రాల పని, ఒక పక్క చేతి పని. మీరు ఈసారి శిల్పారామం వెళ్ళినప్పుడు ఎక్కడైనా వీణ కనిపిస్తే ఆగి చూడండి. యాళి ముఖం, బిరడలు, మెట్లు, కుండ అన్నీ చూడండి. ఆ పనస చెట్టు ఎక్కడ పెరిగిందో, ఎవరి చెయ్యి దాన్ని చెక్కిందో ఆలోచించండి. అప్పుడు దాన్ని "సామాను" అనటానికి మీకే నోరు రాదు.

ఇక మా వీణ సంగతి. మూడు వారాల తరవాత అది ఇంటికి వచ్చింది. దండి మీద ఒకచోట మైనం చార పూర్తిగా పోలేదు. మా అబ్బాయి దాన్ని గీకించి, రంగు వేయిద్దామన్నాడు. పిల్ల ఒప్పుకోలేదు. "ఉండనీ నాన్నా, చూసినప్పుడల్లా గుర్తుంటుంది," అన్నది. లుసీల్ కథ ఆమెకు అప్పటికి నేను చెప్పలేదు.

తరవాత ఒక అట్టముక్క తెచ్చి, దారం కట్టి, ఒరకు వేలాడదీసింది. దాని మీద ఇలా రాసింది: "పేరు: చెల్లి. పుట్టిన ఊరు: బొబ్బిలి. చెక్క: పనస. ఎండ పడదు. కారులో ఒంటరిగా ఉండదు. ముందు వాయించింది: ముత్తవ్వ. ఇప్పుడు వాయించేది: నేను." కింద కొంత చోటు ఖాళీగా వదిలింది.

"ఆ చోటు ఎందుకమ్మా?" అని అడిగాను.

"నా తరవాత వాయించేవాళ్ళు రాసుకోవద్దూ?" అన్నది.

బాలలారా! మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి వస్తువు ఏదో ఒకటి ఉంటుంది. తాతగారి హార్మణీ కావచ్చు, అమ్మమ్మ కుట్టుమిషను కావచ్చు, నాన్నగారి మొదటి సైకిలు కావచ్చు. దానికి వాళ్ళు ఏమైనా పేరు పెట్టుకొన్నారేమో ఈ పూటే అడగండి. పెద్దలారా! ఉంటే, నాలాగా సిగ్గుపడకుండా చెప్పండి. వస్తువును ఇచ్చేటప్పుడు దాని పేరు కూడా ఇచ్చెయ్యండి.